మీటరమ్మాయి

మహిమ ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు ఒక తెల్లకోటు, ఒక తేమ మీటరు ఇచ్చారు. కోటు చేతులు పొడుగయ్యాయి. మీటరు పాతదే అయినా బాగానే పనిచేసేది. అధికారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, అందులోనూ ఆరు నెలలు పని చూశాకే పర్మనెంటు సంగతి అని చెప్పించుకుని చేరిన పిల్ల, అడగనూ లేదు.

అది రెండువేల నాలుగు జనవరి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద బాపయ్యగారి మిర్చి ఎగుమతి కంపెనీ. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు గోడౌన్లు, వాటి మధ్య రేకుల షెడ్డు, గేటు పక్కన ఆఫీసు, ఆఫీసు వెనక పాత సామాన్ల గదిని ఖాళీ చేసి సున్నం కొట్టించిన ల్యాబు. మిర్చి యార్డులో కొన్న కాయ ఇక్కడ దిగుతుంది. తెల్లబారిన తాలుకాయ ఏరేసి, తొడిమ తీసి, మళ్లీ కొత్త గోతాల్లోకి తొక్కి, కంటైనర్లో పెట్టి ఓడ ఎక్కిస్తారు. అలా తొక్కి కుట్టిన మిర్చి బస్తాను ఆ వైపు టిక్కీ అంటారు.

ల్యాబు బాపయ్యగారు ముచ్చటపడి పెట్టింది కాదు. నిరుడు ఒక కంటైనరు సముద్రం దాటి వెళ్లి, అక్కడి పరీక్షలో కాయలో బూజు విషం ఉందని తేలి, వెళ్లిన దారినే తిరిగొచ్చింది. ల్యాబంటూ ఒకటి ఉంటేనే మళ్లీ మాట్లాడతామని కొనేవాళ్లు పట్టుబట్టారు. డెబ్బై ఏళ్ల బాపయ్యగారికి అది తలకొట్టేసినంత పనయింది. షెడ్డు మధ్యలో నిలబడి అందరూ వినేట్టు చెప్పాడు: ఇంకొక్క కంటైనరు తిరిగొచ్చిందంటే ముఠాను మొత్తం గేటు బయట నిలబెడతాను. ముఠా అంటే టిక్కీలు తొక్కి, కుట్టి, ఎత్తే పద్నాలుగు మంది. వాళ్ల మేస్త్రి ఆదెయ్య. ఆ రోజు ఆదెయ్య తువ్వాలు దులుపుకుని పనిలోకి వెళ్లాడట.

మహిమది ప్రత్తిపాడు వైపు ఊరు. తండ్రి ఏసోబు రైతుల కల్లాల్లో కూలి. తల్లి జయకుమారి సీజనంతా తొడిమలు తీసేది, వేళ్ల మంట తగ్గేసరికి మళ్లీ సీజనొచ్చేది. కూతురు కెమిస్ట్రీ చదివితే టీచరవుతుందని జయకుమారి నమ్మకం. అది కాస్తా తిరిగి తిరిగి మిరపకాయల దగ్గరికే చేరిందని తెలిసి, రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు పచ్చడి సీసాలో పెట్టి గుంటూరు పంపింది. మహిమ చర్చివాళ్ల హాస్టల్లో ఉండి, పొద్దున తొమ్మిదిన్నరకు డ్యూటీకి నడిచి వచ్చేది.

చేరిన వారంలోనే ఆమెకు ఒక సంగతి కనపడింది. యార్డు నుంచి దిగిన కాయలో మీటరు పెడితే పదకొండు శాతం చూపిస్తోంది. అదే కాయ టిక్కీ అయ్యాక పద్నాలుగున్నర, ఒక్కోసారి పదిహేను. మధ్యలో తడి ఎక్కడి నుంచి వస్తోంది? మీటరు తప్పేమోనని ముందు దాన్నే అనుమానించింది. తర్వాత ఒక రోజు పదకొండు గంటలప్పుడు గోడౌన్లోకి వెళ్లి చూసింది. నేల మీద పోసిన ఎర్రటి కుప్ప చుట్టూ ఆదెయ్య తిరుగుతున్నాడు. ఒక చేతిలో బొక్కెన, ఒక చేతిలో వేపమండ. పెళ్లిలో పన్నీరు చల్లినంత శ్రద్ధగా కాయ మీద నీళ్లు చల్లుతున్నాడు. చల్లడం అయ్యాక పట్టా కప్పారు. గంట తర్వాత పట్టా తీసి తొక్కడం మొదలుపెట్టారు.

నీళ్లు తాగిన మిరపకాయను గోతాంలో కుక్కి నెలల తరబడి ఉంచితే బూజు పట్టక ఏం పడుతుంది? ఆమె పరుగున మేనేజరు లక్ష్మీకాంత్ దగ్గరికి వెళ్లింది. లక్ష్మీకాంత్ బాపయ్యగారికి మేనల్లుడి వరస. నలభై ఏళ్లుంటాయి. ఆఫీసులో అందరూ అతనికి భయపడేవాళ్లు, అతను మేనమామకు భయపడేవాడు. గోడౌన్ తాళాలు అతని నడుము దగ్గర గుత్తిగా వేలాడుతూ ఉండేవి.

"సార్, కాయ మీద నీళ్లు చల్లుతున్నారు."

"చల్లుతారు. అయితే?"

"బూజు అందుకే వస్తోంది సార్. మీరొక మాట చెబితే..."

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, చేరి వారం కాలేదు, అప్పుడే ముఠాతో పెట్టుకుంటావా? చల్లకపోతే కాయంతా పగిలి చస్తుంది. నీకు మీటరిచ్చింది చూడ్డానికి. చూడు, రాసుకో. చెప్పడం నీ పని కాదు."

చెప్పడం తన పని కాదన్నారు గానీ అతికించడం కాదనలేదు. మర్నాడు ఒక అట్ట మీద ఎర్ర సిరాతో 'కాయపై నీళ్లు చల్లరాదు' అని రాసి గోడౌన్ గోడకు మేకు కొట్టి తగిలించింది. కింద 'ఇట్లు, ల్యాబు' అని కూడా రాసింది. సాయంత్రానికి ఆ మేకుకు ఎవరిదో తువ్వాలు వేలాడుతోంది. అట్ట ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు నుంచే ముఠాలో ఆమెకు మీటరమ్మాయి అని పేరు పడింది.

అట్ట పని చెయ్యలేదని నోటితో మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చుని బూజు అంటే ఏమిటో, అందులో విషం ఎలా పుడుతుందో, అది లివరును ఎలా తినేస్తుందో వివరంగా చెప్పింది. ఆదెయ్య శ్రద్ధగా విన్నాడు. వింటూనే కుప్పలోంచి ఒక ఎండుకాయ తీసి, అన్నంలో నంజుకుని కరకర నమిలాడు.

"నలభై ఏళ్ల నుంచీ తింటన్నానమ్మాయ్. ఏదీ, ఆ మీటరిట్టా తెచ్చి నా కడుపు మీద పెట్టు. లివరు ఏ మూలకి పోయిందో చూద్దాం."

అందరూ పగలబడి నవ్వారు. మహిమకు ఒళ్లు మండింది. ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే టక్కున చెప్పేది: మొండితనం వాళ్లది, చదువు తనది, మధ్యలో చావు కంటైనరుది. చదువుకున్నవాళ్లందరూ కనీసం ఒక్కసారైనా ఇలాగే అనుకుంటారు. కొందరు రిటైరయ్యేదాకా అనుకుంటూనే ఉంటారు. మహిమ అదృష్టం కొద్దీ ఆమెకు అది ఫిబ్రవరి దాటలేదు.

ఎండలు ముదురుతున్న రోజులు. నతానియేలు అనే ముఠా మనిషి టిక్కీలోంచి బయటికొచ్చి, దగ్గి దగ్గి కళ్లు తుడుచుకుంటున్నాడు. మహిమ పక్కనే నిలబడి, "మేస్త్రి గారూ, ఒక్క టిక్కీ నీళ్లు లేకుండా తొక్కించండి. ఏమవుతుందో చూద్దాం" అంది.

"ఎవురు తొక్కుతారు? నువ్వు తొక్కుతావా?" అన్నాడు ఆదెయ్య. వేళాకోళానికే అన్నాడు.

మహిమ చెప్పులు విప్పింది.

అక్కడున్న వాళ్లకు నవ్వాలో ఆపాలో తెలియలేదు. ఆడవాళ్లు తాలు ఏరతారు, తొడిమ తీస్తారు, గంపలు మోస్తారు. టిక్కీలోకి దిగిన ఆడమనిషిని ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. "వద్దులే అమ్మాయ్, ఏదో అన్నా" అన్నాడు ఆదెయ్య. "అన్నది మీరేగా" అని ఆమె పైజామా కాళ్లు మడిచింది.

నాలుగు వాసాలు పాతి, పైన కట్టిన చట్రానికి గోతాం నోరు తగిలిస్తారు. మనిషి అందులోకి దిగి, తాడు పట్టుకుని, పైనుంచి గంపలతో కాయ పోస్తుంటే గుండ్రంగా తిరుగుతూ తొక్కాలి. మహిమ పావు టిక్కీ కూడా తొక్కలేదు. మిట్టమధ్యాహ్నపు కాయ అడుగు పడగానే అప్పడంలా విరిగింది. విరిగిన చెక్కలు కాలివేళ్ల సందుల్లో గుచ్చుకున్నాయి. విత్తనాలతో పాటు ఘాటు లేచి ముక్కుల్లో, కళ్లల్లో, గొంతులో ఒకేసారి దిగింది. ఊపిరి పీల్చుకుందామంటే గాలి లేదు, అంతా కారమే. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని పైకి లాగారు. షెడ్డు నేల మీద కూలబడి ఆమె చాలాసేపు దగ్గింది.

"నీళ్లు కాదురా, మంట ఎగదన్నుద్ది. మజ్జిగ తెండి" అని ఆదెయ్య కేకేశాడు. తన క్యారేజీలో మజ్జిగే ఆమె పాదాల మీద పోశాడు. తర్వాత గోతాం తిరగేసి నేల మీద కుమ్మరించాడు. సగానికి సగం చెక్కలు, విత్తనాలు.

"చూశావా? ఇట్టా పగిలిన కాయ చూత్తే మేనేజరు ఎవుర్ని తిడతాడు? మమ్మల్నేగా. నీళ్లు చల్లేది మాకు సరదానా?"

మహిమకు సిగ్గనిపించింది. రెండు నెలలుగా నీళ్లు ఎందుకు చల్లకూడదో చెబుతూనే ఉంది. ఎందుకు చల్లుతున్నారని ఒక్కసారీ అడగలేదు.

"ఇంక నీళ్లొద్దని మీకు చెప్పను, మేస్త్రి గారూ" అంది కళ్లు తుడుచుకుంటూ. కాసేపాగి, "కాయ మెత్తగా ఉంటే చాలు, అంతేనా? నీళ్లే కావాలని లేదుగా?" అని అడిగింది.

"మెత్తగా ఉంటే నీళ్లతో నాకేం పని? బోరింగు కొట్టలేక చేతులు పడిపోతన్నాయి."

ఆ ఆదివారం మహిమ ఊరెళ్లింది. చర్చి నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటే జయకుమారి అరికాళ్లకు వెన్న రాస్తూ, బీయస్సీ చదివించింది ఇందుకేనా అని కంపెనీని, కెమిస్ట్రీని కలిపి తిట్టింది. ఏసోబు మంచం మీద కూర్చుని జరిగిందంతా విని తాపీగా అన్నాడు:

"మద్దేన్నం పూట తొక్కితే పగలక ఏమవుద్దే? కల్లంలో మేం తెల్లారగట్ల ఎత్తుతాంగా. రాత్తిరి గాలికి కాయ తోలుముక్కలాగా వంగుద్ది, గోతాంలో ఎంత కుక్కినా చిట్లదు. ఎండెక్కిందంటే గలగలమంటది. ఇంక దాన్ని ఎవుడూ ముట్టుకోడు."

గాలిలో తేమ గురించి మూడేళ్లు చదివి, ఫస్టు క్లాసులో పాసైన పిల్ల నోరు తెరుచుకుని తండ్రి వంక చూసింది. ఆమెకు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

గుంటూరు వెళ్లే బస్సులో కూర్చుని ఆలోచించింది. ఇంత చిన్న సంగతి ఆదెయ్యకు తెలియదా? తెలిసే ఉంటుంది. మరి తెల్లారగట్ల ఎందుకు తొక్కరు? బస్సు దిగేలోపు జవాబు దొరికింది. రైతు కల్లానికి తాళం ఉండదు. గోడౌనుకు ఉంటుంది. ఆ తాళం లక్ష్మీకాంత్ తొమ్మిదిన్నరకు వచ్చి తీస్తాడు. తను చూడకుండా ఒక్క గంప కదిలినా దొంగతనం జరుగుతుందని అతని భయం. అతనికి ముందు ఆ తాళాలు మేనమామ నడుముకు ఉండేవి, ఆయనదీ అదే భయం. కాబట్టి తొక్కుడు పది దాటాకే. అప్పటికి కాయ గలగలలాడుతుంది. అందుకని నీళ్లు. తాళం పెట్టుకున్నవాడికీ, నీళ్లు చల్లేవాడికీ తాళానికీ నీళ్లకూ ఉన్న చుట్టరికం ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టలేదు.

ఇంతకుముందు మహిమ అయితే ఇది కూడా ఎర్ర సిరాతో రాసి గోడకు కొట్టేది. ఈసారి ఆదెయ్య పక్కన కూర్చుని, "మా నాన్న ఇట్లా అన్నాడు, నిజమేనా బాబాయ్?" అని అడిగింది. ఆ పిలుపు ఎప్పుడు మారిందో ఇద్దరూ గమనించలేదు.

"నిజమే. నా చిన్నప్పుడు మా ఊళ్లోనూ అంతే. కానీ తెల్లారగట్ల ఇక్కడ గోడౌనెవురు తీత్తారు?"

"గోడౌన్ వద్దు. రాత్రి ఆలస్యంగా దిగిన కాయ షెడ్డులోనే ఉంటోందిగా. దానికి తాళం లేదు. రెండు టిక్కీలు పొద్దున్నే తొక్కుదాం. రెండు మీ పద్ధతిలోనే నీళ్లు చల్లి తొక్కండి. నాలుగూ మీరే కుట్టి, మీ చేత్తోనే మూల పెట్టండి. నెలాగి విప్పుదాం."

ఆదెయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇతరులు చెప్పిన మాట వినడం అతనికి అలవాటు లేదు గానీ పందెం అంటే వేరు. "సరే. నాలుగిట్లోనూ కాయ ఒకే మాదిరుంటే నా దగ్గర మళ్లా నీళ్ల మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

మార్చి రెండో వారంలో ఒక రోజు అయిదింటికి వాచ్‌మన్ హయాత్ గేటు తీశాడు. ఎందుకని అడగలేదు. ఆదెయ్య, నతానియేలు, ఇంకో ఇద్దరు వచ్చారు. రాత్రంతా షెడ్డులో గాలికి మెత్తబడిన కాయ అరచేతిలో మడిస్తే వంగింది గానీ విరగలేదు. మీటరు పదకొండున్నర చూపించింది. ఏడు కాకముందే రెండు టిక్కీలూ అయిపోయాయి. దగ్గు లేకుండా టిక్కీలోంచి బయటికి రావడం ఇదే మొదలని నతానియేలు అన్నాడు. ఆదెయ్య పొద్దుటివి నల్లదారంతో, మధ్యాహ్నం నీళ్లు చల్లి తొక్కినవి ఎర్రదారంతో కుట్టి గోడౌన్ మూలకు చేర్పించాడు.

అంతా గుట్టుగా జరిగిందనుకున్నారు. గోడౌన్లో గుట్టెక్కడుంటుంది? ఏప్రిల్ సగం గడిచాక ఒక రోజు లక్ష్మీకాంత్ మహిమను పిలిచి, ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడు.

"నాలుగు టిక్కీల సంగతి తెలిసింది. మంచి పని చేశావు. వాటిని విప్పి, బూజు చూసి, ఒక రిపోర్టు రాయి. నిరుడు కంటైనరు తిరిగొచ్చింది ఆదెయ్య ముఠా నీళ్లు చల్లినందుకే అని రాసి సంతకం పెట్టు. మే మొదటి వారంలో మన కంటైనరు వెళ్లాలి. ఈలోపు ముఠాను మార్చేద్దాం. జూన్‌లో నీ పర్మనెంటు లెటరు నేనే దగ్గరుండి టైపు చేయిస్తా."

"కొత్త ముఠాను కూడా తొమ్మిదిన్నరకేగా లోపలికి రానిచ్చేది, సార్? వాళ్లూ నీళ్లే చల్లుతారు."

"అది తర్వాత సంగతి. ముందు పెద్దాయనకు ఒక పేరు చూపించాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాస్తే పద్నాలుగు కుటుంబాలు రోడ్డున పడతాయి. రాయకపోతే తను పడుతుంది. లక్ష్మీకాంత్ చెప్పినదాంట్లో అబద్ధం లేకపోవడం మహిమను ఇంకా బాధపెట్టింది. నీళ్లు చల్లింది ఆదెయ్యే. బూజు వచ్చింది ఆ నీళ్లకే. అంత నిజంతో ఇంత అన్యాయం చెయ్యొచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆమె తిన్నగా వెళ్లి ఆదెయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆదెయ్య విని, చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు.

"ఎర్రదారం టిక్కీల వాసన నాకు వారం కిందే తెలిసిందమ్మాయ్. ఇప్పక్కర్లా. పందెం నువ్వే గెలిచావు."

"పందెం సంగతి కాదు బాబాయ్..."

"నువ్వు రాత్తే మా కూడు పోద్ది. రాయకపోతే నీ ఉజ్జోగం పోద్ది. అంతేగా? రెండూ పోకుండా దారుంటే చెప్పు. సదువుకున్నావుగా."

"పెద్దాయన ముందే విప్పుదాం. పొద్దుటి టిక్కీలు కూడా విప్పుదాం. తప్పొక్కటే చూస్తే మనిషిని తీసేస్తారు. పక్కనే దారి కూడా కనపడితే ఏమో."

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమో. నాకూ తెలియదు."

ఆదెయ్య పద్నాలుగు మందినీ ఒకసారి చూశాడు. "ఇప్పుదాం" అన్నాడు.

బాపయ్యగారు రోజూ పదకొండుకు వచ్చి, ఆఫీసులో ఫ్యాను కింద అరగంట కూర్చుని వెళ్లేవాడు. మర్నాడు మహిమ తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని ఆయన కుర్చీ ముందు నిలబడింది. లక్ష్మీకాంత్ పక్కనే ఉన్నాడు. అతని వంక చూస్తే మాట రాదని చూడలేదు.

"అయ్యగారూ, నిరుడు బూజు ఎట్లా వచ్చిందో, ఈ ఏడు రాకుండా ఎట్లా ఆపొచ్చో గోడౌన్లో ఉంది. నాలుగు టిక్కీలు. మీరు చూస్తుండగా విప్పుతాం."

"అదేంటి, నాకు చెప్పకుండా..." అని లక్ష్మీకాంత్ లేవబోయాడు. బాపయ్యగారు అప్పటికే చేతికర్ర అందుకున్నాడు.

ఆదెయ్యే కుట్లు విప్పాడు. ముందు ఎర్రదారం. గోతాం నోరు తెరవగానే ముక్క వాసన గుప్పుమంది. చెయ్యి లోపలికి పోనిచ్చి మధ్యలోంచి పిడికెడు కాయ తీశాడు. ఎరుపు మీద బూడిద పూసినట్టు ఉంది. తర్వాత నల్లదారం. కాయ మొన్న దిగినంత నిగనిగలాడుతూ ఉంది. బాపయ్యగారు రెండు చేతుల్లో రెండూ పట్టుకుని వాసన చూశాడు. యాభై ఏళ్లుగా మిరపకాయలు చూసిన ముక్కుకు మీటరెందుకు?

"ఈ బూజు కాయకు నీళ్లు చల్లిందెవరు?"

"ఆదెయ్యేనండి మావయ్యా" అన్నాడు లక్ష్మీకాంత్. "ఇన్నేళ్లుగా చల్లుతూనే ఉన్నాడు. నిరుడు కంటైనరు కూడా..."

"ఒరేయ్ ఆదెయ్యా, నిన్నెవరు చల్లమన్నారు?"

ఆదెయ్య తల వంచుకున్నాడు. "ఎవురూ చెప్పలేదయ్యా. నేనే."

మహిమ ఒక అడుగు ముందుకు వేసింది. తనే ఈ మనిషిని ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది. నోరు తెరవబోయింది గానీ బాపయ్యగారు ఆమె వైపు చూడటం లేదు. ఆయన ఆదెయ్యనే చూస్తున్నాడు.

"ఎందుకురా అబద్ధం? నేనేగా చల్లమంది." ఆయన బూజు కాయను నేల మీద పడేశాడు. "పాత షెడ్డులో ఉన్నప్పుడు. రోహిణి కార్తె ఎండలు. కొత్తగా పనికొచ్చావు, మిట్టమధ్యాహ్నం టిక్కీలో ఘాటుకు సొమ్మసిల్లి పడిపోయావు. బిందెతో నీళ్లు తెచ్చి కాయ మీద నా చేతుల్తో చల్లాను. ఆ పూట గడవడానికి చల్లానురా. ఆపమని మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. నువ్వూ ఆపలేదు."

లక్ష్మీకాంత్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క పూట కోసం మొదలైన పని నలభై ఏళ్లు పద్ధతిగా నడిచింది. ఇంకో పదేళ్లు ఎవరూ అడక్కపోతే అది శాస్త్రమై కూర్చునేది.

"నీళ్లు లేకుండా ఈ నల్లదారం టిక్కీలు ఎట్లా తొక్కావు?"

"తెల్లారగట్ల తొక్కామయ్యా. అప్పుడు కాయ వంగుద్ది. మేం చూశాం." ఆ 'మేం'లో ఎవరెవరున్నారో బాపయ్యగారు అడగలేదు, ఆదెయ్య చెప్పలేదు. "గోడౌను అయిదింటికి తీత్తే తొమ్మిదికల్లా మా పని అయిపోద్ది. తాళం కావాల."

బాపయ్యగారు మేనల్లుడి వైపు చెయ్యి చాపాడు. లక్ష్మీకాంత్ నడుము దగ్గర గుత్తిలోంచి తాళంచెవి తియ్యడానికి చాలాసేపు పట్టింది. అది పెద్దాయన చేతిలోంచి ఆదెయ్య చేతిలోకి వెళ్లింది. ఆదెయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక మొలతాడుకు కట్టుకున్నాడు.

ముఠా మర్నాటి నుంచి తెల్లారగట్ల రావడం మొదలుపెట్టింది. మొదటి వారం తిట్టుకున్నారు. రెండో వారానికి పగటి ఎండంతా తమదేనని తెలిసి ఆ వేళ ఎవరు మార్చమన్నా మారని స్థితికి వచ్చారు. మే నెలలో వెళ్లిన కంటైనరు తిరిగి రాలేదు. బాగుందని కొనేవాళ్లు ఉత్తరం రాశారు. అది మేనేజరు పేరున వచ్చింది, మేనేజరు పేరునే ఫ్రేము కట్టి గోడకెక్కింది. ముఠా మీద మళ్లీ ఎవరూ మాట ఎత్తలేదు.

మహిమ డ్యూటీ వేళ మాత్రం ఎవరూ మార్చలేదు. ఆమె తొమ్మిదిన్నరకు వచ్చేసరికి కుట్టిన టిక్కీలు వరసగా పేర్చి ఉండేవి. మీటరు పెట్టేది. పదకొండు, పదకొండున్నర. ఆదెయ్యను చూసి చాలా రోజులైందని అప్పుడప్పుడూ అనుకునేది.

లక్ష్మీకాంత్ చెడ్డవాడు కాదు. తనను దాటి పెద్దాయన దగ్గరికి వెళ్లిన పిల్లను ఎదురుగా ఉంచుకునేంత మంచివాడు కూడా కాదు. జూన్ ఆఖరి రోజు పది గంటలకు ఆమెను పిలిచి ఒక కవరు ఇచ్చాడు. సీజన్ అయిపోయిందని, అవసరమైతే వచ్చే ఏడు కబురు చేస్తామని అందులో ఉంది. నిన్నటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె రెండుసార్లు చదివింది. పెద్దాయన తీర్థయాత్రకు వెళ్లారని, వచ్చేసరికి నెల పడుతుందని లక్ష్మీకాంత్ అడక్కుండానే చెప్పాడు.

మహిమ కోటు మడిచి స్టూలు మీద పెట్టింది. మీటరు తుడిచి పెట్టెలో పెట్టింది. అప్పుడు ఆమెకు ఒకటే అనిపించింది: ముఠావాళ్లకు చెప్పాలి. చెబితే ఏమవుతుందో ఆలోచించలేదు. ఆదెయ్య ఊరుకోడు, పద్నాలుగు మందినీ వెంటబెట్టుకుని ఆఫీసు ముందుకు వస్తాడు, తాళంచెవి బల్ల మీద పెట్టి అడుగుతాడు. అలా జరగాలని ఆమె కోరుకుంది కూడా. సంచీ భుజాన వేసుకుని గోడౌన్లోకి గబగబా నడిచింది.

లోపల ఎవరూ లేరు. చట్రానికి ఖాళీ గోతాం వేలాడుతోంది. తాడు ఒక మేకుకు చుట్టి ఉంది. ఆమె పిలిచింది. గొంతు రేకులకు తగిలి తిరిగొచ్చింది.

హయాత్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఎవరి కోసమమ్మా?"

"ఆదెయ్య బాబాయ్ వాళ్లు..."

"ఇప్పుడెవరుంటారమ్మా? తొమ్మిదికల్లా అయిపోద్దిగా పని. ఈ పాటికి ఇళ్ల కాడ పడుకుని ఉంటారు. ఏమన్నా చెప్పాల్నా? రేపు తెల్లారగట్ల వస్తారు, చెప్తా."

మహిమకు ఏడుపొచ్చింది. హయాత్ చూడకుండా తల పక్కకు తిప్పుకుంది. నేల ఈ చివర నుంచి ఆ చివరకు శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎక్కడా చుక్క తడి లేదు.